డకోటాకి సున్నం

కైకలూరులో మా మేత కొట్టుకి బోర్డుంది, బోర్డు మీద పెద్ద అక్షరాలతో పేరుంది. ఏం లాభం? బస్టాండులో దిగి ఎవరినైనా అడగండి, "సున్నం గారి కొట్టా అండీ?" అంటారు. చేపల మేతతో పాటు చెరువుల్లో చల్లే సున్నం బస్తాలు కూడా అమ్ముతాననుకోండి, కానీ ఆ పేరు అందుకు రాలేదు. విమానానికి సున్నం కొట్టించిన మహానుభావుణ్ణి ఈ కొల్లేటి చుట్టుపక్కల నేనొక్కణ్ణే, అందుకొచ్చింది. మొదట్లో ఎవరైనా అలా పిలిస్తే ఒళ్ళు మండేది. ఇప్పుడు పలుకుతున్నాను. తగిన పేరే పెట్టారు.

ఆ విమానం మా మావయ్యది. మావయ్యంటే మా అమ్మకి స్వయానా అన్నగారు. ఏలూరులో మిషన్ స్కూల్లో చదువుకుని, మీసాలు సరిగ్గా రాకముందే మద్రాసు వెళ్ళిపోయి, విమానాల మెకానిక్కుగా చేరాడు. ఉద్యోగమంతా హ్యాంగర్లలోనే గడిచింది. హ్యాంగరంటే విమానాలు కట్టేసే పాక అనుకోండి, ఆయనే మాకు అలా చెప్పేవాడు. రిటైరయ్యాక అత్తయ్యని తీసుకుని మళ్ళీ ఏలూరొచ్చేశాడు. అత్తయ్య పోయాక ఒంటరిగా ఆ ఇరుకు సందులో, చిన్న పెంకుటింట్లో ఉండేవాడు. కూతురు హైదరాబాదులో.

మావయ్యకి విమానాలంటే పాతవే. ముందు పంకాలు తిరిగేవి. కొత్త విమానం ఏదైనా ఆకాశంలో పోతుంటే తలెత్తి కూడా చూసేవాడు కాదు. డకోటా అనే పాత విమానం మాటెత్తండి, ఇక అన్నం చల్లారిపోవాల్సిందే. యుద్ధంలో సోల్జర్లని మోసిన బండ్లకే తర్వాత సీట్లు బిగించి జనానికి ఇచ్చారట. నేల మీద నిలబడితే దాని తోక కింద, ముక్కు పైన. అందుకని ఎక్కినవాళ్ళు తమ సీటు దాకా ఎగువకి నడవాలి. లావుపాటి షావుకార్లు మధ్యలో ఆగి ఆయాసపడేవాళ్ళట. పొద్దున్నే ఇంజను వేసే ముందు పంకాని చేత్తో తిప్పాలి, రాత్రంతా కింది సిలిండర్లలోకి నూనె దిగిపోయి ఉంటుంది కాబట్టి తిప్పకుండా వేస్తే ఇంజను పాడవుతుందట. తర్వాత వైకౌంట్ వచ్చింది. దాని కిటికీలు ఎంత పెద్దవంటే, పక్కపక్కన కూర్చున్న మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకే కిటికీలోంచి గోదావరి చూడొచ్చట. ఆ తర్వాత జెట్లు. కారవెల్ అని ఒకటి, మూడు మూలల కిటికీలతో, తోక కింద మెట్లతో. దాన్ని కూడా మెచ్చుకునేవాడు, కానీ మనసు చంపుకుని. "పంకాల విమానం మాట్లాడేదిరా. జెట్టు అరవడం తప్ప మాట్లాడదు," అనేవాడు.

ఈ కబుర్లన్నిటి అడుగునా ఒక బాధ ఉండేది. ఆయన చేత్తో నట్లు బిగించిన విమానాలన్నీ చివరికి తుక్కుకి పోయాయి. కొన్నింటిని తుక్కు చేసే పని ఆయన మీదే పడింది. జీతగాడు, చెయ్యనంటే కుదురుతుందా? మా వైపు చేపల రేవుకి వస్తే చాలు, ఆడవాళ్ళ నెత్తి మీది అల్యూమినియం బేసిన్ల వంక అదోలా చూసేవాడు. విమానాల తుక్కు కరిగించి అలాంటివే చేస్తారట. ఒకసారి ఒకావిడ బేసిన్ అడిగి మరీ తీసుకుని, వేలితో తట్టి విని, "మంచి సరుకమ్మా, జాగ్రత్తగా వాడుకో," అని చెప్పి ఇచ్చేశాడు. ఆవిడ నన్ను చూసి, ఈయనకి బాగానే ఉందా అన్నట్టు కనుబొమలెగరేసింది. నేను నవ్వాను. అప్పట్లో నాకు అన్నిటికీ నవ్వే.

రెండు వేల సంవత్సరం దాటి కొన్నాళ్ళయింది. తాడేపల్లిగూడెంలో యుద్ధకాలం నాటి పాత రన్‌వే ఉంది కదా, వడ్లు ఆరబోసుకుంటారు, కుర్రాళ్ళు కారు నేర్చుకుంటారు. దానికి కాస్త దూరంలో విమానాల పని నేర్పే ప్రైవేటు ట్రైనింగ్ కాలేజీ ఒకటి ఉండేది. పిల్లలకి చూపించడానికి ఎక్కడినుంచో ఒక డకోటా తెచ్చి పెట్టుకున్నారు. రెక్కల్లేవు, ఇంజన్లు లేవు, తోక లేదు. ముక్కు నుంచి వెనక తలుపు దాకా ఉన్న ఒళ్ళు మాత్రం. కాలేజీవాళ్ళు అక్కడ కొత్త గదులు కట్టుకోవాలని, ఎవరైనా పట్టుకుపోతే బాగుండునని అనుకుంటున్నారని మావయ్య చెవిన పడింది. అంతే. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, దాని పొట్ట కిందికి దూరి, బయటికొచ్చి, "నాకివ్వండి," అన్నాడట. వాళ్ళు కాఫీ ఇచ్చి మరీ ఇచ్చేశారు.

ఇచ్చారు సరే, పెట్టేదెక్కడ? ఏలూరులో ఆయన సందులోకి రిక్షా వస్తే ఎదురుగా సైకిలు రాదు. అందుకని కైకలూరు అవతల, రోడ్డు పక్కనున్న మా చేపల చెరువు గట్టు మీద, మకాం పక్కన ఖాళీ జాగా ఉంటే అక్కడికి ట్రైలర్ మీద తెప్పించాడు. మకాం అంటే కాపలా ఉండే పాక. విమానం వస్తుంటే స్కూళ్ళు వదిలిపెట్టినంత జనం. నేను ముందు మోటారు సైకిలు మీద హారన్ కొట్టుకుంటూ, ఏదో నేనే నడుపుకొస్తున్నట్టు. దిమ్మల మీద దించాక మావయ్య నా భుజం మీద చెయ్యేసి, "నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టేరా అల్లుడూ," అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

ఆదివారం ఆరాధన అవ్వగానే ఏలూరులో బస్సెక్కి వచ్చేసేవాడు. మా ఆవిడ చేపల పులుసు చేసి మకాం దగ్గరికే పంపేది. ఆయన లోపల కూర్చుని మురికి గీకేవాడు, తుప్పు పట్టిన మరలు విప్పేవాడు, పుస్తకంలో బొమ్మలు చూసుకుంటూ ఏది ఎక్కడుండాలో నాకు చెప్పేవాడు. ముక్కు భాగానికి ముందుగా రేకుని కాపాడే లేత పచ్చ రంగు ప్రైమరు పూత వేసుకున్నాడు, అక్కడినుంచి వెనక్కి రావాలని లెక్క. మొదట్లో నేను విసుక్కుంటూనే వెళ్ళేవాణ్ణి, ఆదివారం పూట ఈ సేవ ఏమిట్రా బాబూ అని. ఒకరోజు సీటు పట్టీ కింద నలిగిన పిప్పరమెంటు కాగితం, దాని పక్కనే ముద్దయిపోయిన దూది ఉండ దొరికాయి. చెవుల్లో పెట్టుకోవడానికి దూదీ, చప్పరించడానికి పిప్పరమెంటూ ఇచ్చేవాళ్ళట. ఎవరు చప్పరించారో, ఏ ఊరు వెళ్ళారో, ఆ రోజు భయపడ్డారో నవ్వారో! ఆ కాగితం పట్టుకుని మావయ్య నవ్వుతున్నాడు, కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆ రోజునుంచి నాకూ పట్టుకుంది పిచ్చి. రోడ్డున పోయేవాళ్ళని ఆపి మరీ చూపించేవాణ్ణి.

హైదరాబాదు అవతల పాత విమానాలు పోగుచేసి దాచేవాళ్ళు కొందరున్నారని మావయ్య పాత స్నేహితుడొకాయన చెప్పాడు. వాళ్ళ దగ్గర ఇంకో డకోటా రెక్కలూ తోకా ఉన్నాయి, ఒళ్ళు లేదు. మన దగ్గర ఒళ్ళుంది. వాళ్ళు కొత్త సంవత్సరం వచ్చాక వచ్చి చూస్తామన్నారు. క్రేను బెల్టులు వేసి ఎత్తితే ఒళ్ళు విరక్కుండా ఉంటుందనుకుంటే పట్టుకెళ్ళి, రెక్కలు తగిలించి, పెద్ద షెడ్డు కింద నిలబెడతారు. వర్షం పడదు, ఎండ పడదు, పిల్లలొచ్చి చూస్తారు. "ఒక్కటిరా. ఇన్నింటిని చూశాను, ఒక్కటి పూర్తిగా మిగిలితే చాలు. ఇక ప్రభువు నన్ను ఎప్పుడు పిలిచినా పోతాను," అన్నాడు మావయ్య. ఆయనకి అంతకంటే పెద్ద కోరిక ఉండగా నేనెరగను.

డిసెంబరు మొదట్లో కంటి ఆపరేషన్‌కి హైదరాబాదు కూతురి దగ్గరికి బయల్దేరాడు. పొర వచ్చిందట, తీయించుకుంటే విమానాన్ని ఇంకా బాగా చూసుకోవచ్చని ఆయన సంబరం. వెళ్తూ వెళ్తూ బస్సు కిటికీలోంచి, "ఒరేయ్, చూసుకో," అన్నాడు. అంతే అన్నాడు. చూస్తూ ఉండు అనలేదు, ముట్టుకోకు అనలేదు. చూసుకో అన్నాడు. మావైపు చూసుకోమంటే ఏమిటండీ? మేపమని, తోమమని, బాగుచెయ్యమని. నాకలాగే బోధపడింది.

క్రిస్మస్ వస్తోంది. మా ఇళ్ళల్లో క్రిస్మస్‌కి ముందు సున్నం పడాల్సిందే, గుడిసైనా మేడైనా. మా ఇంటికి వేయించాను, చర్చి ప్రహరీకి నా తరఫున వేయించాను, డ్రమ్ములో ఇంకా బోలెడు సున్నం మిగిలింది. అప్పుడు నా బుర్రకి తట్టింది. ఎవరికీ తట్టనిది నాకే తట్టాలి కదా! కొత్త సంవత్సరంలో వాళ్ళొచ్చేసరికి విమానం మల్లెపువ్వులా మెరిసిపోతుంటే మావయ్య ఎంత పొంగిపోతాడు! పైగా మా చెరువులవాళ్ళకి సున్నమంటే సర్వరోగ నివారిణి. చెరువెండగడితే సున్నం, చేపకి జబ్బొస్తే సున్నం, పురుగుకి సున్నం, నాచుకి సున్నం.

మా ఆవిడ చెప్పింది, చెప్పలేదనకూడదు. "ఏవండీ, మావయ్యగారిని ఒక్కమాట అడక్కూడదూ?" అంది.

"కళ్ళకి గంతలు కట్టుకుని పడుకున్న మనిషికి ఫోన్ చేసి సున్నం సంగతి అడగమంటావా? వచ్చి చూసుకుంటాడు, నువ్వు పప్పు చూసుకో, మాడుతోంది," అన్నాను.

గోడకి బాగా అంటుకోవాలంటే సున్నంలో ఉప్పేస్తాం. వేయించాను, దోసిళ్ళతో. నాచు పట్టకుండా బ్లీచింగ్ పౌడరు కూడా కలిపించాను, ఎలాగూ కొట్లో ఉంది. మా చెరువు మీద పనిచేసే ఇద్దరు బ్రష్షులు పట్టుకుని మొదలెట్టారు. రేకు మీద సున్నం పడగానే సన్నగా చిటపటమంటూ బుడగలొచ్చాయి. పనివాడు చెయ్యి ఆపి నా వంక చూశాడు. "తాగుతోందండీ, గోడ తాగినట్టు తాగుతోంది," అన్నాడు.

"తాగదేమిట్రా మరి, ఎన్నేళ్ళ దాహమో! ఇంకో పూత వెయ్యండి," అన్నాను. రెండో పూత వేశారు. రేకులని బిగించే రివిట్ల సందుల్లో కూడా పోయించాను. లోపల పొట్ట అడుగున తేమగా ఉందని అక్కడ ఇంకొంచెం చిక్కగా పోయించాను. ఆ చిటపటలు వింటూ నేను సంతోషంగా నిలబడ్డాను. దాని చర్మం ఉడికిపోతోందని నాకు తెలియదు. తెలియదనే మాట ఎన్నిసార్లు రాసినా నాకు తేలిక కాదు.

ముక్కు మీద స్టారు కట్టి లైటు పెట్టించాను. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి, తెల్ల పావురంలా ఉందన్నారు. కైకలూరంతా వచ్చి చూసింది. ఫోటోలు దిగారు. కొల్లేటి మంచు సంగతి మీకు తెలుసు కదా, డిసెంబరులో పొద్దున్నే గొడుగు వేసుకుని నడవాలనిపిస్తుంది. ఆ మంచు రోజూ దిగడం, ఉప్పు దాన్ని పీల్చుకోవడం, సున్నం మళ్ళీ తడవడం. అక్కడక్కడా పొంగుతోంది, పొడి రాలుతోంది. సున్నమన్నాక పెచ్చులూడదా అనుకుని, ఊడినచోట మళ్ళీ కొట్టించాను. నా అంత బుద్ధిమంతుడు ఇంకొకడున్నాడా!

క్రిస్మస్ వెళ్ళాక మావయ్య వచ్చాడు, నల్ల కళ్ళద్దాలతో. బస్టాండునుంచి మోటారు సైకిలు మీద తీసుకెళ్తూ, చెరువు మలుపు దగ్గర, "కళ్ళు మూసుకోండి మావయ్యా, నేను చెప్పేదాకా తెరవకండి," అన్నాను. పాపం, మూసుకున్నాడు. దించి, భుజాలు పట్టుకుని తిప్పి నిలబెట్టి, "ఇప్పుడు తెరవండి!" అన్నాను. పుట్టినరోజు పిల్లాడికి చూపించినట్టు.

తెరిచాడు. అద్దాలు తీశాడు. కొత్త కన్నుతో ఆయన విమానాన్ని మొదటిసారి చూడటం అదే. మెల్లగా దగ్గరికెళ్ళి అరచెయ్యి ఆనించాడు. చేతికి తెల్లపొడి అంటింది. వేలు నాలిక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పేశావా?"

"వేశానండి. అంటుకోవాలని."

ఆయన గట్టు మీద చతికిలబడ్డాడు. ఏమైందో నాకింకా అర్థం కాలేదు. తిట్టకుండా, అరవకుండా, ఎవరో పోయారని ఎవరికో చెప్తున్నట్టు చెప్పాడు. సున్నం అల్యూమినియాన్ని తింటుందని, ఆ బుడగలు అదేనని, ఉప్పు తోడైతే రివిట్ల సందుల్లోకి చీమల్లా దూరి లోపల్లోపల గుల్ల చేస్తుందని. "మావయ్యా, తెలియక..." అన్నాను. "నీళ్ళు తే. బోరు నీళ్ళు కాదు, అవి ఉప్పగా ఉంటాయి. మంచినీళ్ళు," అన్నాడు.

మంచినీళ్ళ ట్యాంకరు పిలిపించాం. సున్నం విరగాలంటే పులుపు కావాలన్నాడు. మా ఆవిడ ఇంట్లో ఉన్న చింతపండంతా పిసికి తెచ్చింది, సరిపోక ఇరుగుపొరుగువాళ్ళనీ అడిగింది. ఇత్తడి బిందెలు తోమినట్టు ఆడవాళ్ళంతా చేరి విమానాన్ని తోమారు. వంగకూడదని, కంట్లో చుక్క నీరు పడకూడదని డాక్టరు చెప్పిన మనిషి, పొట్ట కింద వెల్లకిలా పడుకుని తోముతున్నాడు. లేవండి మావయ్యా అని నేను బతిమాలుతుంటే, "తప్పుకో, వెలుగుకి అడ్డం రాకు," అన్నాడు. సాయంత్రానికి కన్ను చింతనిప్పులా అయింది. కూతురు ఫోన్ చేసి నన్ను చెడామడా తిట్టింది. తిట్టాలి కదా. ఇంకా తిట్టమ్మా అనిపించింది నాకు, అక్కడితో ఆపేసింది.

సున్నం పోయింది. కింద రేకు మశూచి వచ్చినట్టుంది.

హైదరాబాదునుంచి ఆ విమానాలు దాచేవాళ్ళ తరఫున పెద్దమనిషి ఒకాయన వచ్చారు. మర్యాదస్తుడు. చుట్టూ తిరిగారు, లోపలికెళ్ళారు, పొట్ట కింద కూర్చుని చిన్న స్క్రూడ్రైవరు తీసి రివిట్ల వరస వెంట నొక్కుకుంటూ వచ్చారు. మూడు చోట్ల ఆగింది. నాలుగోచోట లోపలికి దిగిపోయింది. ఆయన దాన్ని మెల్లగా బయటికి లాగి, తుడుచుకుని, "ఇక్కడ ఏం పూశారండీ?" అన్నారు.

"సున్నమండీ. నేనే పూయించాను," అన్నాను.

"నేను," అన్నాడు మావయ్య, నా మాట పూర్తికాకుండానే. "నా పని అది."

నేను తెల్లబోయాను. "అదేంటి మావయ్యా, మీరు ఊళ్ళోనే లేరు కదండీ! అబద్ధం ఎందుకండీ?"

"అబద్ధం కాదు. హ్యాంగర్లో మాకో పద్ధతుండేదండీ," అన్నాడు ఆయనతో, నన్ను వదిలేసి. "మిషను ఇంకొకడికి ఒప్పగిస్తే, ఏం చెయ్యకూడదో చెప్పి ఒప్పగించాలి. చెప్పకుండా వెళ్తే, ఆ తర్వాత ఏం జరిగినా వెళ్ళినవాడిదే తప్పు. నేను బస్సెక్కుతూ చూసుకో అన్నాను. ఏం చెయ్యకూడదో ఒక్క ముక్క చెప్పలేదు. కన్ను బాగవుతుందన్న సంబరంలో ఉన్నాను."

"నేను ఎవరినీ అడక్కుండా కొట్టించాను! మా ఆవిడ అడగమన్నా అడగలేదు!" అని అరిచాను. చెరువు అవతలి గట్టు మీదివాళ్ళు కూడా ఇటు చూశారు. "మీరెందుకు మీద వేసుకుంటారు? నాది తప్పు, నాకుండనివ్వండి!"

అప్పుడొచ్చింది ఆయనకి కోపం. నా జన్మలో ఆయన కోపం చూడలేదు. "నీకేం తెలుసురా తప్పు సంగతి? నువ్వు చేపల మేత అమ్ముకునేవాడివి. నీకు తెలియదు. తెలియనివాడికి తప్పేమిటి? తెలిసినవాణ్ణి నేను. బతుకంతా ఇదే పని చేసి, చివరిదాన్ని గాలికొదిలేసి పోయాను."

ఆ పెద్దమనిషి తల వంచుకుని స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నారు. పొట్ట అడుగున పాత తుప్పు కూడా ఉందని, అంతా సున్నం వల్లే కాకపోవచ్చని ఇద్దరినీ సముదాయించబోయారు. ఇద్దరమూ వినలేదు. నేను గట్టు మీద నిలబడి ఏడ్చాను. విమానం పోయింది, దాంతోపాటు నా తప్పు కూడా నాకు లేకుండా పోయింది. తెలియనివాడినట! ఆ మాట చెంపదెబ్బ కన్నా ఎక్కువ తగిలింది.

క్రేనుతో ఎత్తితే మధ్యలో విరుగుతుందని తేల్చారు. ముక్కు మాత్రం గట్టిగా ఉంది, మావయ్య ముందే ప్రైమరు పూసుకున్నాడు కాబట్టి సున్నం దాన్ని తినలేదు. పైలట్లు కూర్చునే చోటు వరకూ కోసి ఇస్తే తీసుకెళ్తామన్నారు. కోయడానికి మనిషిని పంపిస్తామంటే మావయ్య ఒప్పుకోలేదు. తనే కోశాడు. కోయడమంటే రంపంతో కాదు, ఒక్కొక్క రివిట్టూ డ్రిల్లుతో తొలిచి విడదీయడం. నేను లైటు పట్టుకునేవాణ్ణి, రేకు పట్టుకునేవాణ్ణి. అటు పట్టుకో, ఇటు జరుగు తప్ప నాతో మాట్లాడేవాడు కాదు. ముక్కు ట్రైలర్ మీద వెళ్ళిపోయాక, మిగిలిన ఒళ్ళుని పాత సామాన్లవాళ్ళు ముక్కలు చేసి పట్టుకుపోయారు. ఆ రోజు మావయ్య రాలేదు. నేను ఉన్నాను. ఒక్కో ముక్క లారీలోకి విసురుతుంటే ఆ మోత వినాలని ఉన్నాను, అది కూడా తప్పించుకుంటే ఇక మనిషినే కాదనిపించింది.

తర్వాత మావయ్య కైకలూరు రావడం మానేశాడు. నేనే ఆదివారం ఏలూరు వెళ్ళి ఆయన పక్కన చర్చిలో కూర్చునేవాణ్ణి. ఒక ఆదివారం సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడ్డాడు. అందరూ కన్ను బాగైనందుకు స్తోత్రం చెప్తాడనుకున్నారు. "నా చేతికిచ్చినదాన్ని నా అజాగ్రత్త వల్ల పోగొట్టాను, నాకోసం ప్రార్థన చేయండి," అని కూర్చున్నాడు. చర్చిలో సగం మందికి అసలు సంగతి తెలుసు. వెనక బెంచీలో ఎవరో "సున్నం" అని గుసగుసలాడటం, ఇంకెవరో కిసుక్కుమనడం వినిపించింది. నేను తలెత్తలేదు. లేచి నిజం చెబుదామనుకున్నాను, కానీ చెప్తే మళ్ళీ ఆ మాటే అంటాడు, నీకు తెలియదని. ప్రభువా, ఈయనకి ఈ బరువు దించు, లేకపోతే నాకైనా ఇప్పించు అని ప్రార్థన చేసుకున్నాను.

ఏడాది దాటింది. ఆ మధ్యలో సర్కారువాళ్ళు కొల్లేటి చెరువుల గట్లు కొట్టేశారు, మా చెరువు కూడా పోయింది, కొట్టు మాత్రం నిలబడింది. హైదరాబాదునుంచి కబురొచ్చింది, ముక్కు షెడ్డులో నిలబెట్టాం, వచ్చి చూడండని. మావయ్య రానన్నాడు. మా ఆవిడ వెళ్ళి, "మీరు రాకపోతే ఈయనా వెళ్ళరు మావయ్యగారూ, ఈయన వెళ్ళకపోతే ఇంట్లో నాకు మనశ్శాంతి ఉండదండీ," అని కాళ్ళావేళ్ళా పడితే కదిలాడు. ఇద్దరం రైల్లో వెళ్ళాం. దారంతా ఆయన కిటికీ వైపు, నేను నా చెప్పుల వైపు చూసుకుంటూ.

షెడ్డులో ఒక వైకౌంట్ ఉంది, నిజంగానే పెద్ద పెద్ద కిటికీలు. ఒక పాత జెట్టు ముందు భాగం ఉంది. వాటి మధ్య మన ముక్కు, నునుపుగా పాలిష్ పట్టించి, ఇనుప స్టాండు మీద. పైలట్ సీట్లో కూర్చోవడానికి పిల్లలు వరస కట్టారు. కూర్చున్నవాడు స్టీరింగు పట్టుకుని నోటితో బుర్రుమని ఇంజను చప్పుడు చేస్తుంటే మావయ్య, "ఆ చప్పుడు కాదు నాన్నా, ఇలా ఉంటుంది," అని గొంతులోంచి ఏదో గుడగుడమని చేసి చూపించాడు. పిల్లలు విరగబడి నవ్వారు. ఆయనా నవ్వాడు. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు చూసి.

ఒక పిల్ల తల్లి, మన వైపు మనిషే అని మాటని బట్టి తెలుస్తోంది, వెనక కోసిన చోట వేలు పెట్టి చూసి మా దగ్గరికొచ్చింది. "ఏవండీ, మిగతా విమానం ఏమైందండీ?" అంది.

నేను నోరు తెరిచాను. అప్పటికి ఆ జవాబు లోపల లోపల లక్షసార్లు చెప్పుకుని ఉన్నాను. మావయ్య నా చెయ్యి పట్టుకున్నాడు, ఆపడానికన్నట్టు. మళ్ళీ తన మీద వేసుకుంటాడనుకున్నాను. ఆయన నా మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు, ఆవిడ ఇబ్బంది పడేంతసేపు.

"మా దగ్గరే పోయిందమ్మా," అన్నాడు. "వీడు మా మేనల్లుడు. మేమిద్దరం కలిసి పాడుచేశాం."

ఆవిడకేం తెలుస్తుంది, జాలిగా "అయ్యో" అంది.

"అవునండీ, ఇద్దరం," అన్నాను.